ఒకే వాన, రెండు వాలులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, దక్షిణ డకోటా రాష్ట్రమున, వైట్ నది పరిసరములందు బ్యాడ్‌లాండ్స్ అని ప్రసిద్ధి వహించిన బోడినేల కలదు. గడ్డిపోచకైనను వేరూన చోటియ్యని ఆ గుట్టలలో ప్రథమ వీక్షణముననే కంటబడు విశేషమేమనగా, పైనున్న బ్రూల్ పొరల గుట్టలు సన్నని శిఖరములతో నిటారుగా నిలిచియుండగా, వాని యడుగున, అంతకంటె ప్రాచీనములైన చాడ్రన్ పొరల గుట్టలు గుండ్రని బోడితలలతో ఒదిగియుండుట. రెంటిమీదను కురియు వాన ఒక్కటే, కాయు ఎండయు నొక్కటే.

ఈ భేదమునకు మూలము వానలో లేదు, మట్టిలో నున్నదని, ఆ వాలులందు మేకులు పాతి అవి బయటపడిన మేర కొలిచిచూచి, 1956లో నిరూపించినవాడు స్టాన్లీ షుమ్ అను భూశాస్త్రజ్ఞుడు. చాడ్రన్ మట్టిలో, మన రేగడి చేలను వేసవిలో నోళ్లు తెరపించు బంక జాతియే సమృద్ధిగా నున్నది. అది తడిసి యుబ్బుచు, ఎండి కుంచించుకొనుచు, పైపైన పేలాలవలె గుల్లవారి, వేలు మోపినంతనే నలిగి రాలును. వాన తొలుత ఆ పగుళ్లలోని కింకిపోవునే గాని పైన పారదు. ఉబ్బినపుడు వాలునకు లంబముగా పైకి లేచిన రేణువు, కుంచించుకొన్నపుడు భూమ్యాకర్షణచే కొంచెము దిగువకు వాలును; ఇట్లు ఆ పైపొర యంతయు కంటికి తెలియకుండ జరుగుచునే యుండును. శిఖరమునుండి దిగినకొలది జరుగవలసిన మట్టి అధికమగును గనుక, దానిని సాగనంపుటకు వాలును క్రమముగా నిటారు కావలసివచ్చును. కొండతలల గుండ్రదనమునకు గిల్బర్టు అను భూశాస్త్రజ్ఞుడు 1909లో చెప్పిన కారణ మిదియే. ఇంత సరళమైన తర్కము శాస్త్రములో అరుదు.

బ్రూల్ వాలుల వ్యవహారము వేరు. వాని ఉపరితలము గట్టిది. నీరు లోనికి దిగక, పలుచని పొరగా పైననే పారి, వాలు పొడవునను మట్టిని ఇంచుమించు సమముగా చెక్కివేయును. అందుచే ఆ వాలు తన నిటారుతనమును వీడకయే వెనుకకు జరుగుచు పోవును. పాదమున, వచ్చిన మట్టిని దాటవేయు చిన్న చదునునేల మిగులును.

ఈ ప్రాంతము సగటున ఏడాదికి సుమారు ఒక అంగుళము చొప్పున అరుగుచున్నదని అంచనా. కోత మొదలై దాదాపు 5 లక్షల సంవత్సరములైనది. ఈ వేగమే సాగినచో, ఇంకొక 5 లక్షల సంవత్సరములలో ఆ గుట్టలన్నియు వైట్ నది మీదుగా మిస్సోరీలో కలిసిపోవును.