పత్తిరైతు, ఫోను యాప్

2025లో భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) ‘కపాస్ కిసాన్’ అను యాప్‌ను ప్రవేశపెట్టినది. మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు అందు నమోదై, దినము నిర్ణయించుకొని, ఆనాడు సరకు తేవలెను. ఇట్టి సాధనము సుకరమైనదా యని పరీక్షించుటెట్లు?

అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1998లో మూడు కొలతలు చెప్పినది: పని నెరవేరినదా, ఎంత శ్రమ పట్టినది, తృప్తి కలిగినదా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మొదటి కొలతయే కఠినము. ఇచ్చటినుండి గల్ఫునకు వలసపోయినవారు అనేకులు. నమోదైనది కుమారుని నంబరైనచో ఓ.టి.పి. దుబాయికి పోవును, ఇంటనున్న తల్లికి తెర యెంత అందముగా నున్ననేమి? కౌలుదారుని చిక్కు మరియొకటి.

తేమ 12 శాతము మించిన పత్తిని సంస్థ కొనదు. కావున ముందునాడు వాన కురిసినచో, దినము మార్చుకొనుటకు రైతు కెంతసేపు పట్టునో తప్పక చూడవలెను.

పరీక్షకు పట్నపు విద్యార్థి పనికిరాడు. ఏబదియేండ్ల రైతు చేతికి ఫోనిచ్చి, నోరు మెదపక ప్రక్కన కూర్చుండి, అతడెచ్చట ఆగెనో, ఎన్నిమారులు ఇతరుల నడిగెనో వ్రాసికొనవలెను. “అర్థమైనదా?” అని మాత్రము అడుగరాదు, మన పల్లెలలో మర్యాదకైనను అర్థమైనదనియే చెప్పుదురు.