యంత్రం చెప్పినా మనిషి చూసుకోవాలి

మీరిచ్చిన ఉపకారవేతనాలతో ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన మన పిల్లలు కొందరు ఇవాళ రసాయన కర్మాగారాల్లో, గల్ఫ్ రిఫైనరీల్లో పనిచేస్తున్నారు. అలాంటి చోట్లకు ఇప్పుడు కృత్రిమ మేధ వస్తోంది. పంపు అదురును గమనించి అది చెడిపోబోతోందని ముందే చెబుతుంది. కెమెరాలో చూసి హెల్మెట్ లేనివారిని గుర్తిస్తుంది. మంచిదే. కానీ దాని హద్దులు కూడా మనకు తెలియాలి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, తగిన నిరోధక రసాయనం కలపాలి. లేకపోతే తనకు తానే వేడెక్కుతుంది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారు. పైన వేడి పెరుగుతున్నా ఆ సంగతి తెలియలేదు. సైరన్ కూడా మోగించలేదని విచారణలో తేలింది.

ఆ ట్యాంకుకు ఎంత తెలివైన కంప్యూటర్‌ను తగిలించినా, అడుగున ఉన్న అంకెనే చూసి "అంతా బాగుంది" అనేది. కొలవని దాన్ని యంత్రం చూడలేదు. పైగా అది పాత రికార్డుల నుంచి నేర్చుకుంటుంది. పెద్ద ప్రమాదాలు అరుదు కాబట్టి ఆ రికార్డుల్లో వాటి జాడ తక్కువ. అస్తమానం ఉత్తుత్తి హెచ్చరికలు చేస్తే, అసలైనది వచ్చిన రోజు ఎవరూ పట్టించుకోరు.

అందుకే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ప్రమాద సమయంలో ప్లాంటును ఆపే వ్యవస్థ కృత్రిమ మేధతో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. కొత్త ప్రోగ్రాం మొదట సలహా మాత్రమే ఇవ్వాలి. దాని మాటను ఆపరేటర్లు కొన్నాళ్లు అసలు పరిస్థితితో పోల్చి చూడాలి. ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించాలి. అనుమానం వస్తే పని ఆపే అధికారం అక్కడున్న మనిషికే ఉండాలి.

భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదం ముంచుకొస్తోందని యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కును కార్మికులకు ఇచ్చారు. కంప్యూటర్ తెర మీద పచ్చదీపం వెలుగుతున్నా, "సార్, వాసన తేడాగా ఉంది" అని చెప్పగలిగే ధైర్యం మన పిల్లలకు కావాలి. దాతలారా, మీరు కట్టే ఫీజుకు తోడు నాలుగు రోజుల భద్రతా శిక్షణ ఖర్చు కూడా భరిస్తే, ఆ ధైర్యానికి తగిన తెలివి కూడా తోడవుతుంది. అది వాళ్లనే కాదు, ఫ్యాక్టరీ గోడ అవతల నిద్రపోయే ఊరినీ కాపాడుతుంది.