మోడల్ రాకెట్టుకు ఎపాక్సీతో రెక్కలు అతికించడం

మోడల్ రాకెట్టు గొట్టపు అడుగుభాగాన రెక్కలను ఎపాక్సీ జిగురుతో బిగించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఎగురుతుండగా రెక్క ఊడిన రాకెట్టు దారి తప్పి చూస్తున్నవారి మీదికే రావచ్చు. కనుక రాకెట్టు తయారీలో అతి ముఖ్యమైన అతుకు ఇదే. దీని బలం జిగురు పరిమాణం కంటే మూడు విషయాలపై ఎక్కువగా ఆధారపడుతుంది: అంటించే తలాల శుభ్రత, కలిపే పాళ్ళు, ఉష్ణోగ్రత. పల్నాడు వంటి వేడి ప్రాంతాలలో మూడవదానికి ప్రాధాన్యం హెచ్చు.

రెక్కల పని

బాణానికి ఈకల వలె రాకెట్టుకు రెక్కలు స్థిరత్వాన్నిస్తాయి. రాకెట్టు నిటారుగా సాగాలంటే దాని పీడన కేంద్రం గరిమనాభికి వెనుక, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో ఉండాలి. రెక్క ఊడితే పీడన కేంద్రం ముందుకు జరుగుతుంది. జిగురు మితిమీరితే తోక బరువెక్కి గరిమనాభి వెనుకకు జరుగుతుంది. రెండు సందర్భాలలోనూ స్థిరత్వం తగ్గుతుంది.

ఎపాక్సీ స్వభావం

ఎపాక్సీలో రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలుంటాయి. స్విట్జర్లాండుకు చెందిన సీబా సంస్థ 1946లో దీనిని అరల్డైట్ పేరుతో విపణిలోకి తెచ్చింది. ఇది తడి ఆరడం వలన కాక, రెండు భాగాల మధ్య జరిగే రసాయన చర్య వలన గట్టిపడుతుంది. అందుచేత హార్డెనర్ ఎక్కువ వేస్తే బలం పెరగదు సరికదా, తగ్గుతుంది.

అట్ట గొట్టం, బాల్సా చెక్క రెక్కలు గల చిన్న రాకెట్లకు ఫెవికాల్ వంటి చెక్క జిగురు చాలు. ప్లైవుడ్, ఫైబర్ గ్లాస్ రెక్కలకు, శక్తిమంతమైన మోటార్లకు ఎపాక్సీ అవసరమవుతుంది. అయిదు నిమిషాలలో బిగిసే రకం రెక్కను తాత్కాలికంగా నిలపడానికి పనికివస్తుంది. అసలు అతుకుకు నిదానంగా గట్టిపడే రకమే మేలు.

అతికించే విధానం

1. గొట్టం చుట్టూ కాగితం చుట్టి, చుట్టుకొలతను సమభాగాలు చేసి గుర్తులు పెట్టాలి. మూడు రెక్కలైతే 120 డిగ్రీలు, నాలుగైతే 90 డిగ్రీల దూరం ఉండాలి.
2. గొట్టంపై నునుపైన పొరను, రెక్క మొదలు అంచును సాండ్ పేపరుతో గరుకు చేసి, ధూళి తుడవాలి. ఆపై ఆ చోటును చేతితో తాకరాదు.
3. డబ్బాపై సూచించిన పాళ్ళలో రెండు భాగాలను తీసుకొని, ఒకే రంగు వచ్చేవరకు కలపాలి.
4. రెక్క అంచుకు పలుచగా పూసి, గుర్తుపై నిలువుగా నిలిపి, కదలకుండా ఆధారం ఇవ్వాలి.
5. అతుకు బిగిసిన తరువాత రెక్కకు, గొట్టానికి మధ్య మూలలో ఇరువైపులా పుటాకారంగా ఎపాక్సీ నింపాలి. దీనిని ఫిల్లెట్ అంటారు. గొట్టాన్ని అడ్డంగా ఉంచి, ఒక్కొక్క మూలను నింపితే జిగురు జారదు.

పెద్ద రాకెట్లలో గొట్టానికి చీలిక చేసి, రెక్క మొదలును లోపలి మోటారు గొట్టం దాకా చొప్పించి అక్కడ కూడా అతికిస్తారు. ఇది మరింత దృఢమైన పద్ధతి.

అసలు పనికి ముందు వ్యర్థ ముక్కలపై అతికించి విరిచి చూడటం మంచిది. విరిగినచోట అట్ట పొర చిరిగి వస్తే అతుకు అట్టకంటే బలమైనదని అర్థం. జిగురు శుభ్రంగా ఊడివస్తే తలం సరిగా గరుకు కాలేదనో, మిశ్రమం కుదరలేదనో గ్రహించాలి.

వేడిమి ప్రభావం

పల్నాడు జిల్లాలోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక వేసవి ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ రసాయన చర్య వేగం ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. అంటే 25 డిగ్రీల వద్ద గంటన్నర పనికివచ్చే మిశ్రమం 45 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలకే చిక్కబడవచ్చు. గిన్నెలో ఎక్కువ మోతాదు కలిపితే తన వేడికి తానే మరింత త్వరగా బిగుస్తుంది. కనుక మాచర్ల, గురజాల ప్రాంతాలలో వేసవిలో ఈ పనిని తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకొని చేయడం ఉత్తమం.

గట్టిపడిన అతుకుకూ వేడి ముప్పు ఉన్నది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే సాధారణ ఎపాక్సీలు చాలావరకు 50-60 డిగ్రీల వద్ద మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల, నల్లరంగు పూసిన గొట్టంపై ఈ వేడి సులభంగా వస్తుంది. లేతరంగు పూయడం, ప్రయోగం వరకు నీడలో ఉంచడం అవసరం.

జాగ్రత్తలు

గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ కలుగవచ్చు. ఒకసారి కలిగితే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. చేతితొడుగులు ధరించి, గాలి ఆడే చోట పనిచేయాలి. సాండ్ పేపరు పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. చర్మంపై పడితే సబ్బునీటితో కడగాలి.

మందుగుండుతో మోటార్లను ఇంట్లో తయారు చేయడం ప్రాణాపాయం. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారు చేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం నేరం. ప్రయోగానికి ముందు ప్రతి రెక్కను వేలితో మెల్లగా పక్కకు నెట్టి చూడాలి. ఏ మాత్రం కదిలినా, పగులు కనిపించినా ఆ రాకెట్టును ఎగురవేయరాదు.