పుట్టిలోంచి వాలుగ వేట

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ చేలే ఎండిపోయే ఈ సీమలో పది కిలోల చేప పడుతుందంటే కోస్తా వాళ్లు నవ్వుతారు. కాని ఉరవకొండ దగ్గరి పెన్నఅహోబిలం జలాశయాన్ని చూడండి. తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎగువ కాలువ మోసుకొచ్చిన నీళ్లను అక్కడ పెన్నానదికి అడ్డుకట్ట వేసి నిలిపారు. నిండితే సుమారు 11 టి.ఎం.సి.లు!

ఐరోపా, సైబీరియా, ఉత్తర అమెరికాల చల్లని నీళ్లలో ‘పైక్’ అనే వేటచేప ఉంది. పెద్ద జలాశయాల్లో పడవ మీద తిరుగుతూ దాన్ని గాలంతో పట్టడం అక్కడివారికి మహా సరదా. మన నీళ్లలో పైక్ లేదు. దాని పని ఇక్కడ వాలుగ చేస్తుంది. పైక్ నాచులో పొంచి ఉండి, కళ్లతో చూసి, బాణంలా దూకుతుంది. వాలుగ కళ్లు చిన్నవి. అది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. మరి చీకట్లో ఎర ఎలా తెలుస్తుంది? దానికి రెండు జతల మీసాలున్నాయి. వాటి నిండా రుచిమొగ్గలే. అంటే మీసాలతోనే రుచి చూస్తుందన్నమాట! ఒంటి పక్కగా సాగే పార్శ్వరేఖ నీటి కదలికలను పసిగడుతుంది. ఇక నోరు కంటి వెనుకదాకా చీలి ఉంటుంది. పళ్లు లోపలికి వంగి ఉంటాయి కనుక దొరికిన చేప జారిపోలేదు.

పగలు వాలుగ లోతులో, గట్ల గుంతల్లో పడుకుంటుంది. జలాశయంలో లోతైన చోటు ఏది? పాత నది పారిన దారే. నీటి కింద పెన్నా ఇంకా తన ఒంపులతోనే ఉంది. జాలర్లు రాయి కట్టిన తాడు జారవిడిచి లోతు చూస్తారు. కరువు ఏట నీరు అడుగంటినప్పుడు ఆ ఒంపులు కంటికే కనిపిస్తాయి. వాటిని గుర్తుపెట్టుకున్నవాడికి వేరే పటం అక్కర్లేదు. సాయంత్రం పొడవైన తాడుకు వరుసగా గాలాలు కట్టి, చిన్న చేపలను ఎరగా గుచ్చి, ఆ ఒంపు అంచున వదులుతారు. తెల్లవారుజామున లాగుతారు.

ఈ వేటకు పుట్టి బాగా పనికొస్తుంది. వెదురుతో అల్లిన గుండ్రటి బుట్ట అది. పూర్వం తోలు కప్పేవారు; తర్వాత తారు పూసిన పట్టాలు, ఇప్పుడు ఫైబరు. అడుగు చదునుగా ఉండటంవల్ల జానెడు నీటిలో కూడా మొద్దుల మీదుగా పోతుంది. ఒక్క పక్కన తెడ్డు వేస్తే మాత్రం బొంగరంలా తిరుగుతుంది. అందుకే ముందువైపున కూర్చుని నీటిని తనవైపు లాక్కుంటూ వేస్తారు. పెద్ద వాలుగ పడి గుంజితే తేలికైన పుట్టి కూడా దాని వెంట కదులుతుంది. తాడు మీద ఒత్తిడి ఒక్కసారిగా పడదు, తెగదు. బరువైన పడవకు ఈ సుగుణం లేదు.

ప్రమాదమల్లా చేపను పైకి తీసేటప్పుడే. ఇద్దరూ లేచి ఒకే పక్కకు వంగితే గరిమనాభి పైకి లేచి అంచువైపు జరుగుతుంది, పుట్టి బోర్లాపడుతుంది. చేప కోసమే కాదు, విహారానికి వెళ్లినా సూత్రం ఒకటే. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు దగ్గరి వై.టి. చెరువులో చిన్న పడవ మునిగి పదిమందికి పైగా చనిపోయారు.

జలాశయంలో బొచ్చె, శీలావతి పిల్లలను వదిలి పెంచుతారు. వాలుగకు అవి సిద్ధాన్నం. నీరు తగ్గేకొద్దీ తినేదీ తినబడేదీ ఒకే మడుగులో ఇరుక్కుంటాయి. వేసవిలో అక్కడ మరో చిక్కు: 20 డిగ్రీల నీరు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును కరిగించుకోగలదు, 30 డిగ్రీల నీరు ఏడున్నరే. సొసైటీలో ఉన్న జాలరికి ఆ పిల్లలే ఏడాది సంపాదన. వాలుగను దొంగ అని తిట్టడంలో వింత లేదు. 10 సెంటీమీటర్లకు పైగా పెరిగిన పిల్లలను వదిలితే చాలా వాటికి బతుకు దక్కుతుందని మత్స్యశాస్త్రజ్ఞులు చెబుతారు. నా లెక్కలో వాలుగనంతా ఏరివేయడంకంటే ఇదే తెలివైన పని. ఎందుకంటే ఆ దొంగ కూడా తగ్గిపోతోంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం 2019లో వాలుగను ముప్పుకు లోనైన జాతుల జాబితాలో చేర్చింది. వానాకాలంలో అది గుడ్లు పెడుతుంది, ఆ రోజుల్లో తాడు వెయ్యని జాలరికి పై ఏడూ వేట ఉంటుంది. మిగతా రోజుల్లో పెద్ద కొక్కెం వాడితే పిల్ల వాలుగ నోటికి అది పట్టదు.