రేకు కింద ఏముంది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కప్పి చూడమని మాత్రం ఎవరూ అన్నట్లు లేదు. ఆ మాట గూడా ఎవరైనా అనివుంటే నాబోటివాడు కొంచెం ముందుగా మేలుకొని వుండేవాడు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే నాకు ఇంటికప్పుల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఆ గొడవ నేను కోరి తెచ్చుకొన్నది కాదు. వానతోపాటు వచ్చి నెత్తిన పడింది.

మాది అనంతపురానికి బస్సులో గంట ప్రయాణం వుండే చిన్న పల్లె. నేను పట్నంలో కాపురం వుంటున్నా, డెబ్భై దాటిన మా అమ్మ మాత్రం ఆ పల్లెలోని మట్టిమిద్దెను వదిలి రాదు. రాయలసీమ మిద్దెను చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. రాతిగోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చీల్చిన కట్టెలో పలుచని బండలో పరుస్తారు. ఆ పైన ఆకూ అలమూ వేసి, జానెడు మందాన మట్టి పోసి, గట్టిగా దిమ్మిస కొడతారు. అన్నిటికన్నా పైన చవుడు. పంటకు పనికిరాని ఆ చవుటిమన్ను ఇంటికి మాత్రం గొడుగు. చినుకు తగలగానే దానిలోని ఉప్పుగుణంవల్ల మన్ను మెత్తగా విచ్చుకొని, సందులన్నిటినీ తానే పూడ్చుకొంటుంది. ఆ తర్వాత నీళ్లు కిందికి దిగవు, వాలుగా బయటికి పోతాయి. ప్రతి యేడూ తొలకరికి ముందు కొత్త చవుడు చల్లుకోవడం ఒక్కటే దానికి మనం చేయవలసిన సేవ.

వేసవిలో మిద్దె ఇంటి సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పన్నెండు గంటల ఎండ ఆ జానెడు మట్టిని దాటి లోపలికి దిగేసరికి చీకటి పడుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ చాపలు చుట్టుకొని మిద్దె మీదికి చేరి వుంటారు! శనక్కాయలు ఎండేదీ, చింతపండు ఎండేదీ, పిల్లలు చుక్కలు లెక్కపెట్టేదీ అక్కడే.

పడమటి కనుమల చాటున వున్న మా అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. మిద్దె ఇక్కడ వందల యేండ్లు నిలిచిందంటే, ఆ వాన తక్కువ గనుకనే నిలిచింది. కాని కరువుసీమలో గూడా వాన ఒక్కోసారి బాకీ అంతా ఒక్కసారే తీర్చుకొంటుంది. 2021 నవంబరులో రాయలసీమ అంతటా కుండపోతగా కురిసిన వానలు మీకు జ్ఞాపకం వుండే వుంటాయి. అప్పటికి మా మిద్దె మీద చవుడు చల్లి మూడేండ్లయింది. చవుడు తవ్వి తెచ్చేవాళ్లు లేరు. దిమ్మిస పట్టేవాళ్లు బెంగుళూరు దారి పట్టారు. ఒక దూలానికి చెద పట్టిన సంగతి ఎవరమూ చూసుకోలేదు. మూడోనాటి రాత్రి నడిమింటి కప్పు ఒక మూల కూలింది. ఎప్పుడూ నడిమింట్లో పడుకొనే మా అమ్మ, ఆ రాత్రి ఎందుకో పడసాలలో పడుకొంది.

జానెడు మట్టి అంటే చదరపు మీటరుకు మూడున్నర క్వింటాళ్లకు తక్కువ వుండదు. తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ లెక్క తెల్లవారి కూలిన మట్టిని చూస్తూ వేసుకొన్నాను. నాకు కాళ్లు వణికాయి.

ఆ వణుకులోనే తొందరపడ్డాను. మా అక్క కొడుకు కెనడాలో హేలిఫాక్స్‌లో వుంటున్నాడు. అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున వుండే చలి ఊరు అది. ఆ మధ్యనే ఇల్లు కొని, దానికి అల్యూమినియం కప్పు వేయించుకొన్నాడు. సంగతి విని ఆ రోజే ఫోన్ చేశాడు.

"మామా, ఆ మట్టి ఎత్తి పారేసి అల్యూమినియం వేయించండి. ఇక్కడ ఉప్పుగాలికి ఇనుము నిలవదు. దీనికి తుప్పనేదే లేదు. మంచు గూడా జారిపోతుంది. ఇంక అవ్వను గురించి దిగులు పడనక్కరలేదు" అన్నాడు.

అతడు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి గూడా లేదు. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే కంటికి కనబడని పలుచని పొర కట్టుకొంటుంది. గీత పడితే మళ్లీ కట్టుకొంటుంది. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది గాని ఈ పొర రాలదు. బరువులో ఇనుముకు మూడోవంతు. 1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ దీన్ని మొదట విడదీసినప్పుడు ఇది వెండి బంగారాలతో పోల్చదగిన అపురూప వస్తువు. 1884లో అమెరికావాళ్లు వాషింగ్టన్ స్మారకస్తంభం కొనకు దీనితోనే తొడుగు పెట్టుకొన్నారు. 1886లో అమెరికాలో హాలూ, ఫ్రాన్సులో ఎరూ అనే ఇద్దరు యువకులు, ఒకరినొకరు ఎరుగకుండానే, విద్యుత్తుతో దీన్ని చవకగా తీసే ఉపాయం కనిపెట్టారు. ఆ తర్వాత అది రాజుల బల్లల మీదినుంచి దిగి మన వంటింటి సత్తుగిన్నె అయింది. రోము నగరంలో ఒక చర్చి గుమ్మటానికి 1897లోనే అల్యూమినియం రేకు కప్పారు.

ఇన్ని గొప్పలు వున్న లోహం మా అమ్మ నెత్తిమీద ఎండకు ఆగదా అనుకొన్నాను. సంక్రాంతికి ముందే నడిమింటి మట్టి అంతా దించి, రేకులు వేయించాను. తళతళ మెరుస్తూ వుంటే ఊరంతా వచ్చి చూసి పోయింది. మా అమ్మ మాత్రం గడపలో నిలబడి తలెత్తి చూసి, "ఇల్లు కప్పినట్ల లేదు నాయనా, గిన్నె బోర్లించినట్ల ఉండాది" అంది. నేను నవ్వాను.

ఏప్రిల్ వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటి పిల్లవాడు ఫోన్ చేశాడు, అవ్వ కళ్లు తిరిగి పడిపోయిందని. నేను పోయేసరికి ఎవరో పుణ్యాత్ములు వేపచెట్టు కిందికి చేర్చి, తడిగుడ్డ వేసి, మజ్జిగ తాగించారు. డాక్టరుగారు చూసి, "వడదెబ్బ. ఇంట్లోనే వుండి తెచ్చుకొన్నారు" అన్నారు. మరునాడు మూడు గంటలకు రెండు గదులలోనూ ఉష్ణమాపకం పెట్టి చూశాను. ఇంకా మట్టికప్పు వున్న పడసాలలో 34 డిగ్రీలు. రేకుల నడిమింట్లో 42.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గరికి పోయి మొర పెట్టుకొన్నాను. "మెరిసేదంతా చల్లగా వుండదయ్యా" అని ఆయన ఒక చిన్న పాఠం చెప్పాడు. మెరిసే లోహం ఎండను చాలావరకు వెనక్కు కొడుతుంది, నిజమే. కాని లోపలికి తీసుకొన్న కొద్దిపాటి వేడిని తిరిగి ఆకాశానికి విడిచిపెట్టడంలో అది పరమ పిసినారి. ఎండలో పెట్టిన కొత్త సత్తుగిన్నె చేయి కాల్చేది అందుకే. దుమ్ము పట్టి మెరుపు తగ్గితే ఎండను కొట్టే శక్తి గూడా తగ్గుతుంది. అన్నిటికీ మించి, అర మిల్లీమీటరు రేకుకు వేడిని ఆపే మందం లేదు. మట్టి రాత్రిదాకా ఆపిన వేడిని అది రెండు నిమిషాలలో మనకు అప్పగిస్తుంది.

"మరి మా మేనల్లుడి ఇల్లు?" అన్నాను.

"రేకు కింద ఏముందో అడిగావా?"

అడగలేదు. ఆ రాత్రే అడిగాను. రేకు కింద చెక్క పలకలట. వాటి కింద గాలి ఆడే అటక. అటకలో జానెడున్నర మందాన దూదివంటి పరుపు. ఆ కింద మళ్లీ లోపలి కప్పు. అక్కడ రేకు అన్నది వానకోటు మాత్రమే. ఒంటికి వెచ్చదనమిచ్చే దుప్పటి వేరే వుంది. అక్కడ అందరి ఇళ్లకూ వుండేదే గనుక దాన్ని గురించి అతడు చెప్పలేదు. నేను దుప్పటి పారేసి, వానకోటు ఒక్కటి తెచ్చి మా అమ్మకు తొడిగాను!

ఇంకొక సంగతి గూడా అప్పుడే తెలిసింది. హేలిఫాక్స్‌లో కప్పుకు శత్రువు ఉప్పుగాలి. మన కాకినాడ, బందరు, భీమునిపట్నం తీరాలవాళ్లకూ ఆ శత్రువు వున్నాడు. వాళ్లు అసలైన అల్యూమినియానికి డబ్బు పెడితే అర్థముంది. మాకు సముద్రం ఎక్కడో వుంది. మా శత్రువు ఎండ, ఆషాఢమాసంలో గాలి. నేను లేని శత్రువుమీద కోట కట్టి, వున్నవాడికి తలుపు తెరిచిపెట్టాను.

పోనీ, నేను కొన్నదైనా అసలైన అల్యూమినియమా? మా అమ్మాయి ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆనించాను. టక్కున పట్టుకొంది! అంగడివాడు మోసం చేశాడనలేను. బిల్లులో సరిగ్గానే రాసి వుంది, నేనే చదవలేదు. అది ఉక్కు రేకు. దానిమీద నూటికి 55 పాళ్లు అల్యూమినియం, తక్కినదంతా దాదాపు జింకూ కలిసిన పూత. 1972 నుంచి అమ్మకంలో వున్న మంచి సరుకే. మావంటి పొడి ప్రాంతానికి అదే చాలు, ధర గూడా తక్కువ. కాని కొనేవాడికి తాను కొన్నది ఏమిటో తెలియాలి గదా!

తప్పు దిద్దుకోవడానికి ఒక ముసలి మేస్త్రీని పిలిచాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, "అయ్యవారూ, రేకులు తీసేయొద్దు, ఎత్తండి" అన్నాడు. అదే చేశాము. నడిమింటి మీద ఇనుప గర్డర్లు వేసి, తాడిపత్రి బండలు పరిచి, పైన నాలుగంగుళాల మట్టి కొట్టించాము. పడసాలకు గూడా చెద తిన్న దూలం మార్పించాము. ఆ రెండు గదుల కప్పుకు రెండడుగుల ఎత్తున ఇనుప గొట్టాల మీద రేకులను గొడుగులా నిలబెట్టాము. రెండు పక్కలా తెరిచి వుంచినందువల్ల రేకు వేడి గాలితోపాటు పోతుంది. రేకు మట్టిని వాననుంచి కాపాడుతుంది గనుక చవుడు పని తప్పింది. మట్టి మమ్మల్ని రేకు వేడినుంచి కాపాడుతుంది. వంటింటి మిద్దెను మాత్రం చుక్కలు చూసుకోవడానికి వుంచుకొన్నాము. ఖర్చు రెండు నెలల జీతం మింగింది. మొదటే తెలిసివుంటే సగంలో పోయేది.

ఆ పనిలో మేస్త్రీ దగ్గరా మిత్రుడి దగ్గరా నేర్చుకొన్నవి నాలుగు మాటలు. రేకు మందం, పూత బరువు బిల్లులో రాయించుకోవాలి. మరలను రేకు మిట్టమీద, రబ్బరు బిళ్లతో బిగించాలి. పల్లంలో బిగిస్తే నీళ్లు దిగుతాయి. ఎండకు రేకు సాగుతుంది. ఇరవై అడుగుల అల్యూమినియం రేకు నలభై డిగ్రీల తేడాకు దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు అందులో సగం. కాబట్టి రంధ్రంలో కొంచెం సందు విడవాలి. గాలికి ఎగరకుండా రేకుల మీద బండరాళ్లు పెట్టే అలవాటు మాత్రం వద్దే వద్దు. పెద్దగాలికి ఆ రాళ్లే మనుషుల మీద పడతాయి. చట్రాన్నే గోడకు గట్టిగా పట్టించాలి.

సున్నం, పచ్చి సిమెంటు, చవుడు ఈ రేకులకు తగలకూడదు. చాకలిసోడాతో తోమిన సత్తుగిన్నె నల్లబడటం మన ఆడవాళ్లందరికీ తెలిసిందే, ఇదీ అంతే. తాతలనాటి మిద్దెను కాచిన చవుడే ఈ రేకును తినేస్తుంది! తెల్లగా వుంటే ఎండ తగ్గుతుందని సున్నం కొట్టబోయిన నన్ను మిత్రుడు ఆపి, లోహానికి వేసే తెల్లరంగు వేయించాడు. కప్పుకు తెలుపు వేస్తే ఇల్లు చల్లబడుతుందన్నది ఉత్తమాట కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. ఇక పాత ఆస్‌బెస్టాస్ రేకులు వున్నవాళ్లు వాటిని కోయడం, పగలగొట్టడం చేయరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

ఇన్ని తిట్లు తిన్న రేకు మాకు ఒక మేలు గూడా చేసింది. దాని అంచున తొట్టి కట్టి, గొట్టం దించి, పెరట్లో గుంత కట్టించాము. మా గొడుగు వైశాల్యం 40 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానకు దానిమీద పడేది 22,000 లీటర్లు. అయిదోవంతు పోయినా 17,000 మిగులుతాయి. అంటే వెయ్యి బిందెలకు పైమాట. మిద్దె మీద పడిన వాన బురదనీరుగా వీధిపాలయ్యేది. మొదటి వాన నీళ్లతో రేకు కడిగి విడిచిపెట్టి, ఆ తర్వాతివి పట్టుకొంటున్నాము. బిందె చంకన పెట్టుకొని బోరింగు దగ్గర వరుసలో నిలబడే శ్రమ మా అమ్మకు కొన్ని నెలలైనా తప్పింది.

మొన్నటి వేసవిలో మళ్లీ ఉష్ణమాపకం తీసికొని పోయాను. మా అమ్మ దాన్ని చూడగానే, "దాన్ని పక్కన పెట్టు నాయనా, నేను చెప్తాను. నిద్ర పడుతోంది" అంది. అంతకు మించిన కొలత నాకు మాత్రం ఎందుకు?

ఆ తర్వాత ఒక రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగింది. గుండె గుభేలుమంది. ఎత్తితే అవతల దడదడమని ఒకటే చప్పుడు. ఆ చప్పుడులోంచి మా అమ్మ గొంతు:

"అబ్బీ, వానొచ్చింది! మిద్దె కింద తెల్లారేదాకా తెలిసేది కాదు. నీ రేకులే లేపినాయి నన్ను."