పెద్దల కాళ్ళకు సత్తువ - పడిపోకుండా కాపాడే సాధన



వరద రాకముందే ఏటిగట్టును పటిష్ఠం చేసుకుంటాం. గండి పడ్డాక ఎన్ని ఇసుక బస్తాలు వేసినా మునిగిన చేను తిరిగి రాదు. ఈ ముందుచూపు మన ఇంటి పెద్దల కాళ్ళ విషయంలో కూడా కావాలి. వారు పడి తుంటి ఎముక విరిగాక పరుగులు తీస్తే, వారు మంచాన పడతారు. వారికి చాకిరీ చేయడానికి ఇంట్లో ఒక మనిషి పని మానుకోవలసి వస్తుంది.

మన గోదావరి డెల్టాలో కాలు జారే తావులకు కొదవ లేదు. దమ్ము చేసిన మళ్ళ మధ్య సన్నని గట్లు, బోదెల మీద అడ్డంగా వేసిన కొబ్బరి దుంగలు, కాలువ రేవు మెట్లు, వానాకాలంలో పాచి పట్టిన నూతి చప్టాలు - అన్నీ ప్రమాదమే. అక్కడ పడుచువారు తూలినా నిలదొక్కుకుంటారు. డెబ్బై ఏళ్ళవారు పడిపోతారు. ఎందువల్ల?

వయసు పెరిగేకొద్దీ తొడల కండలు, పిక్కలు సన్నబడతాయి. చూపు మందగిస్తుంది. తూలినప్పుడు చటుక్కున అడుగు వేసే చురుకు తగ్గుతుంది. ఒకసారి పడినవారికి భయం పట్టుకుంటుంది. "నాన్నగారూ, మీరు లేవకండి, మేం చూసుకుంటాం" అని పిల్లలు ప్రేమతోనే కూర్చోబెడతారు. కూర్చున్నకొద్దీ కండ కరుగుతుంది. కండ కరిగినకొద్దీ మళ్ళీ పడతారు. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 6 లక్షల 84 వేలమంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది 60 దాటినవారు.

"ఈ వయసులో కండ పడుతుందా అండీ?" అని మీరడగవచ్చు. పడుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో 90 ఏళ్ళ ముదుసలులచేత 8 వారాలపాటు కాళ్ళతో బరువులెత్తించారు. వారి కాళ్ళ బలం రెట్టింపుకు మించిందని 1990లో ప్రకటించారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంవారు ఇంటివద్ద చేసుకొనే వ్యాయామ పద్ధతి ఒకటి రూపొందించారు. 65 నుంచి 97 ఏళ్ళ వయసుగల 1,016 మందితో జరిగిన నాలుగు పరీక్షల ఫలితాలను 2002లో కలిపి చూస్తే, పడిపోవడాలు 35 శాతం తగ్గినవి.

మరి ఏం చేయాలి? వసారా స్తంభమో, కదలని బల్లో పట్టుకొని మొదలుపెట్టండి. ఇంట్లోవారు ఒకరు పక్కన వుండాలి.

మొదటిది: గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, వీలైనంతవరకు చేతుల ఊత లేకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి.

రెండవది: స్తంభం పట్టుకొని మునివేళ్ళ మీద లేచి దిగాలి. తరువాత మడమల మీద నిలబడాలి.

మూడవది: ఒక్కొక్క కాలిని పక్కకు ఎత్తి దించాలి. అలవాటయ్యాక చీలమండకు అర కిలో ఇసుక సంచి కట్టుకోవచ్చు.

నాలుగవది: ఒంటికాలి మీద పది లెక్కపెట్టేవరకు నిలవాలి.

ఐదవది: గోడ పక్కనే, ఒక పాదం మడమ రెండవ పాదం వేళ్ళకు తగిలేట్టు, గట్టు మీద నడిచినట్లు నడవాలి.

మొదటి మూడూ పదేసి సార్లు చేయాలి. ఇలా వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున సాధన చేయాలి. మిగతా రోజుల్లో నడవాలి. "రోజూ పొలం వెళ్ళివస్తున్నాం కదా" అని వూరుకోరాదు. నడక మంచిదే గాని, సత్తువకూ నిలకడకూ నడక ఒక్కటే చాలదు. పైగా ఇప్పుడు దున్నకం ట్రాక్టరుది, కోత యంత్రానిది. ఒంటికి పని తగ్గింది.

కొన్ని జాగ్రత్తలు. లేవగానే కళ్ళు తిరిగేవారు, ఏడాదిలోపు పడినవారు, గుండెజబ్బు వున్నవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. రక్తపోటు మాత్రలూ నిద్రమాత్రలూ కూడా కొందరిని తూలేట్టు చేస్తాయి. అవి డాక్టరుగారికి చూపించండి, మీ అంతట మీరు మానకండి. ఛాతీలో నొప్పిగాని ఆయాసంగాని వస్తే వెంటనే ఆపండి. చప్టా మీది పాచి గీకించండి. దుంగ వంతెనకు పట్టుకొనే వాసం కట్టండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. కొత్త వంగడాన్ని ఉపన్యాసంతో కాదు, ప్రదర్శన మడితో నమ్మిస్తాం. ఇదీ అంతే. రామాలయం అరుగు దగ్గర పదిమంది పెద్దలను కూర్చి చేయించి చూపండి. ఆశా కార్యకర్తను తోడు తీసుకోండి. చేతులు గుండెల మీద కట్టుకొని అర నిమిషంలో ఎన్నిసార్లు కుర్చీలోంచి లేవగలిగారో ఒక పుస్తకంలో రాయండి. నెల నెలా మళ్ళీ లెక్కించండి. అంకె పెరుగుతూంటే ఉత్సాహం దానంతటదే వస్తుంది.

ఒక్క సంగతి మరువకండి. పూడిక తీయడం మానితే కాలువ మళ్ళీ పూడినట్లే, సాధన మానితే వచ్చిన సత్తువ తిరిగి పోతుంది. మన పెద్దలు తమ కాళ్ళ మీద తాము చేను గట్టుదాకా వెళ్ళి రాగలగాలంటే, ఇది ఏడాది పొడుగునా సాగవలసిన వ్యవసాయం.