వ్యవసాయ యంత్ర భద్రతా శిక్షణలో వర్చువల్ రియాలిటీ

ట్రాక్టరు నుండి నూర్పిడి యంత్రానికి శక్తిని అందించే పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 సార్లు, అనగా సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. పంచె అంచు గాని, చీర కొంగు గాని చిక్కుకున్నచో వెనుకకు లాగుకొనే వ్యవధి ఉండదు. ఇటువంటి ప్రమాదాన్ని క్షేత్ర ప్రదర్శనలో చేసి చూపలేము. ఈ లోటును పూరించుటకు వర్చువల్ రియాలిటీ ఉపకరిస్తుంది.

తలకు ధరించే దృశ్య పరికరాన్ని 1968లో ఐవాన్ సదర్లాండ్ ప్రదర్శించారు. నేటి హెడ్‌సెట్లు కూడ తల కదలికకు అనుగుణంగానే దృశ్యాన్ని మారుస్తాయి. శిక్షణార్థి కల్పిత కళ్ళంలో యంత్రం చుట్టూ తిరిగి, ఊడిన షాఫ్టు తొడుగును గుర్తించవచ్చును. ఇంజను ఆపకుండ ఇరుక్కున్న గడ్డిని తీయబోయినచో, తన తప్పును గాయం లేకుండానే గ్రహించి, పనిని మరల మొదటి నుండి చేయవచ్చును.

పాఠాన్ని రూపొందించే విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా పనిని మెట్లుగా విభజించాలి: ఇంజను ఆపుట, తాళంచెవి తీయుట, షాఫ్టు పూర్తిగా నిలిచే వరకు వేచియుండుట, ఆ తరువాతనే యంత్రాన్ని ముట్టుకొనుట. భీకర దృశ్యాలతో భయపెట్టుటకన్న ఈ క్రమాన్ని అలవాటు చేయుట ముఖ్యం.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. క్లచ్ బిగువు, యంత్రపు అదురు హెడ్‌సెట్‌లో తెలియవు. కొందరికి తలతిప్పు, వికారం కలుగుతాయి. కనుక పాఠాలు స్వల్ప వ్యవధిలో ముగియాలి. అనంతరం, ఆపియుంచిన నిజమైన యంత్రం వద్ద అభ్యాసం తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యంగా, షాఫ్టుకు తొడుగు బిగించుటకు ఏ శిక్షణయు ప్రత్యామ్నాయం కాదు.

శిక్షణ ఫలితాన్ని తెరపై వచ్చిన మార్కులతో కొలువరాదు. కొన్ని వారాల తరువాత, పని ఒత్తిడిలో ఉన్న కళ్ళంలో, ఆ కార్మికుడు షాఫ్టు ఆగే వరకు వేచియున్నాడా లేదా అన్నదే అసలైన కొలమానం.